ఆ చుక్క ఎక్కడిదో అడగలేదు

నడుస్తున్న కారును చేజేతులా పాడుచేసుకున్నవాణ్ణి నేను. దాన్ని లారీ గుద్దలేదు, వరద ముంచలేదు. గేర్‌బాక్సులో ఉండవలసిన రెండు లీటర్ల చిల్లర నూనె చుక్క చుక్కగా కారిపోతుంటే, ఆ చుక్కల్ని రోజూ చూస్తూ కూడా ఊరుకున్నాను. తెలియక జరిగిందని చెప్పుకుంటే సగమే నిజం. తెలియకపోవడంలో తప్పులేదు. తెలుసుకోవడానికి కావలసినవన్నీ నా వాకిట్లోనే ఉన్నాయి, చెప్పేవాళ్ళు పక్కింట్లోనే ఉన్నారు. అయినా అడగలేదు. అదీ నా తెలివితక్కువతనం. దాన్ని దాచకుండా చెబితే, నాలాంటి వాళ్ళ బళ్ళు కొన్నయినా బాగుపడతాయని ఇది రాస్తున్నాను.

మాది అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న లక్కబొమ్మల ఊరు. మా బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికి సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మా బొమ్మలతోనే నడిచింది. పనివాళ్ళ దగ్గర బొమ్మలు తీసుకుని విశాఖపట్నం దుకాణాలకీ, ప్రదర్శనలకీ చేరవేయడం నా జీవనం. అందుకోసమే ఐదు గేర్ల పాత చిన్న కారు ఒకటి కొనుక్కున్నాను. వెనక సీటు మడిచి అట్టపెట్టెలు పేర్చుకుని హైవే ఎక్కేవాణ్ణి.

బండిని బాగా చూసుకుంటానని నాకు గట్టి నమ్మకం. బయల్దేరే ముందు టైర్లలో గాలి చూసేవాణ్ణి. రేడియేటర్‌లో నీళ్ళు చూసేవాణ్ణి. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, రెండు గీతల మధ్య నూనె నిగనిగలాడుతుంటే తృప్తిగా మూత వేసేవాణ్ణి. ఆ డిప్‌స్టిక్ ఇంజిన్‌ది. కారులో నూనె అంటే అదొక్కటే అనుకునేవాణ్ణి. గేర్‌బాక్సుకి విడిగా నూనె ఉంటుందనీ, దాని మట్టం విడిగా చూడాలనీ, ఇన్నేళ్ళు స్టీరింగు పట్టుకున్నా నా బుర్రకి తట్టలేదు.

ముందుగా కనిపించింది చుక్క. బండి నిలిపే చోట, ఎడమ ముందు చక్రానికి కాస్త లోపలగా, నాపరాయి మీద నల్లటి మరక పడేది. అమ్మ తెల్లవారే వాకిలి కడిగి, ఆ మరక మీద బూడిద చల్లి కొబ్బరిపీచుతో రుద్దేది. "ఇది ఎంతకీ వదలట్లేదురా, ఏదో గంధకం కంపు కొడతాంది" అనేది. నేను వెంటనే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ చూసేవాణ్ణి. నూనె సరిగ్గానే ఉండేది. "ఏం కాలేదమ్మా, నూనె నిండుగా ఉంది" అని చెప్పి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇప్పుడు తల్చుకుంటే బాధ కలిగేది ఇక్కడే. కింద నూనె పడుతోంది. ఇంజిన్‌లో నూనె తగ్గడంలేదు. మరి ఆ చుక్క ఎక్కడినుంచి వస్తోంది? చదువుకున్నవాడికి రావలసిన మొదటి ప్రశ్న అది. నాకు రాలేదు. ఇంజిన్ నూనె తగ్గలేదు కాబట్టి ఏదీ తగ్గలేదని తీర్మానించుకున్నాను. పైగా అమ్మ ముక్కు నాకంటే నిజం చెప్పింది. గేర్ ఆయిల్‌లో పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నా అరగకుండా గంధకం, భాస్వరం చేరిన మందులు కలుపుతారు. అందుకే దానికి ఆ ఘాటు వాసన. ఇంజిన్ ఆయిల్‌కి ఆ వాసన ఉండదు. వాసన పట్టుకున్న మనిషి మాట విని ఉంటే వందల రూపాయల రబ్బరు సీలుతో పని తీరిపోయేది.

తర్వాత వినిపించింది మూలుగు. హైవే మీద ఐదో గేరులో పడగానే కింద నుంచి సన్నగా మొదలయ్యేది. వేగం పెంచితే పెరిగేది, తగ్గిస్తే తగ్గేది. నాలుగో గేరులోకి వస్తే దాదాపు వినిపించేది కాదు. రోడ్డు గరుకుదనం అనుకున్నాను. టైర్లు అరిగాయేమో అనుకున్నాను. కొన్నాళ్ళకి పాటల శబ్దం పెంచుకున్నాను.

మా పక్కింట్లో ఒక పెద్దాయన తరిణె పడతాడు. వరసకి మావయ్య. ఆయన పని చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఒరిపిడి అంటే ఏమిటో. అంకుడు కర్రను లేతుకి బిగించి మోటారు వేస్తాడు. ఉలితో చెక్కి నున్నగా చేశాక, తిరుగుతున్న కర్రకి రంగు లక్కకడ్డీ ఆనిస్తాడు. ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పొయ్యి అక్కర్లేదు. ఆపైన మొగలి ఆకు అదిమి పట్టుకుంటే బొమ్మ అద్దంలా మెరుస్తుంది. ఎంత అదిమితే లక్క కరుగుతుందో, ఎంత అదిమితే మాడుతుందో ఆయన చేతికి తెలుసు. అదే మనిషి రోజూ మోటారు వేసే ముందు లేతు బేరింగుల్లో నూనె పోస్తాడు. బొమ్మ మీద ఒరిపిడి కావాలి, బేరింగులో ఉండకూడదు. ఒకే యంత్రంలో ఈ రెండూ ఎక్కడెక్కడ ఉండాలో ఎరిగిన పనితనం అది.

ఒకనాడు పెట్టెలు ఎక్కించుకోవడానికి బండిని ఆయన వాకిట్లోకి తెచ్చాను. ఆయన ఉలి కింద పెట్టి, మోటారు ఆపి, తల పక్కకి వంచి విన్నాడు.

"అల్లుడూ, నీ కారు మూలుగుతోందిరా. లోపలెక్కడో నూనె అందట్లేదు. ఓపాలి సూపించు."

"పాత కారు కదా మావయ్యా, ఆ మాత్రం శబ్దం ఉంటాది. నూనె ఇందాకే చూశాను" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. బేరింగు శబ్దం వింటూ జీవితం గడిపినవాడు చెప్పాడు. కారు గురించి ఆయనకేం తెలుసులే అని మనసులో అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు కానీ అనుకున్నాను. ఇందులో నా వల్ల జరిగిన అన్నిటికంటే పెద్ద తప్పు అదే. పంచె కట్టుకుని నేలమీద కూర్చుని పనిచేసే మనిషికి యంత్రం తెలియదని అనుకోవడం.

విశాఖలో సరుకు దించి తిరిగొస్తుండగా, అనకాపల్లి అయి కశింకోట కూడా దాటాక, ఐదో గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లో పడింది. మళ్ళీ వేశాను. గరగరమని చప్పుడు, చేతికి అదురు. నాలుగో గేరులో కొంతదూరం లాక్కొచ్చాను. ఆ తర్వాత ఏ గేరులో వేసినా లోపల ఇనుప ముక్కలు నూరుతున్న చప్పుడే. బండిని పక్కకి తీసి, మరో బండికి కట్టించి యలమంచిలి చేర్చాను.

అక్కడ మెకానిక్ బండిని గుంట మీద పెట్టి కిందకి దిగి నన్ను కూడా దిగమన్నాడు. గేర్‌బాక్సు పక్కన ఉన్న బోల్టు చుట్టూ మట్టి గుడ్డతో తుడిచి, దాన్ని విప్పి, రంధ్రంలో చూపుడువేలు పెట్టి కిందకి వంచాడు. తీసి చూపించాడు. వేలు పొడిగా ఉంది.

"గేరాయిల్ ఎప్పుడు సూపించారు బాబూ?"

నూనె రోజూ చూస్తూనే ఉన్నానని డిప్‌స్టిక్ సంగతి చెప్పాను.

"అది ఇంజినుదండి. దీనికి స్టిక్కుండదు. మన ఏలే స్టిక్కు."

అడుగు బోల్టు విప్పితే ఒక టీ గ్లాసు నిండేటంత నూనె వచ్చింది. నల్లగా, మాడు వాసనతో. ఆ బోల్టు కొనకి చిన్న అయస్కాంతం ఉంటుంది. మామూలుగా దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు కాస్త పేరుకుంటుంది, అది సహజమైన అరుగుదల, భయపడక్కర్లేదు. నా బండి అయస్కాంతం మీద సూదిమొనల్లాంటి ఇనుప ముళ్ళు నిలబడి ఉన్నాయి. పెట్టె విప్పాక ఐదో గేరు పళ్ళు వేడికి నీలం తిరిగి కనిపించాయి. బేరింగు గుళ్ళ మీద గుంటలు. గేరు మారేటప్పుడు రెండు చక్రాల వేగం కలిపే ఇత్తడి రింగులు అరిగి నున్నబడిపోయాయి. కారిందెక్కడని అడిగితే, చక్రానికి శక్తినిచ్చే యాక్సిల్ గేర్‌బాక్సులోకి వెళ్ళేచోట ఉన్న ఆయిల్ సీలు చూపించాడు. రబ్బరు గట్టిపడి అంచు పగిలింది. అమ్మ బూడిద చల్లిన మరక సరిగ్గా దాని కిందే పడేది.

ఆరోజు ఆ గుంటలో నిలబడి నేర్చుకున్నదీ, ఆ తర్వాత అడిగి తెలుసుకున్నదీ వరసగా చెబుతాను.

మాన్యువల్ గేర్‌బాక్సులో నూనె ఖర్చవదు. ఇంజిన్ నూనె కొంత కాలిపోతుంది కాబట్టి తగ్గడం మామూలే. గేర్ ఆయిల్‌కి కాలే దారి లేదు. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. అందుకే తగ్గితే పోసి ఊరుకుంటే చాలదు, కారే చోటు పట్టుకోవాలి. యాక్సిల్ సీళ్ళు, అడుగు బోల్టు వాషరు, క్లచ్ వైపు షాఫ్ట్ సీలు, ఈ మూడూ ముందు చూడవలసిన చోట్లు.

రెండోది, ఈ పెట్టె చాలా ఓర్చుకుంటుంది, అదే ప్రమాదం. ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్సు ద్రవమే ఇంజిన్ శక్తిని చక్రాలకి అందిస్తుంది కాబట్టి, తగ్గితే బండి జారడం, గేరు ఆలస్యంగా పడడం తొందరగానే బయటపడుతుంది. మాన్యువల్‌లో నూనె పని ఒరిపిడి తగ్గించడం, వేడి మోసుకుపోవడం. చాలా బళ్ళలో దీనికి పంపు కూడా ఉండదు. కింది చక్రాలు నూనెలో మునిగి తిరుగుతూ పైవాటి మీదకి చిమ్ముతాయి. మట్టం తగ్గితే ముందు ఎండిపోయేవి దూరంగా, ఎత్తుగా ఉన్నవి. చాలా చిన్న కార్లలో ఐదో గేరు పెట్టె చివర విడి మూతలో ఉంటుంది. హైవే మీద మనం ఎక్కువసేపు వాడేది దాన్నే. కాబట్టి ముందు మూలిగేదీ అదే. ముందు చక్రాలు లాగే కార్లలో డిఫరెన్షియల్ కూడా ఆ నూనెలోనే తడుస్తుంది. వెనక చక్రాలు లాగే జీపులకి వెనక హౌసింగ్‌లో నూనె వేరుగా ఉంటుంది, దాన్ని వేరుగా చూడాలి.

ఇక చూసే పద్ధతి. బండి నాలుగు చక్రాల మీదా సమానంగా నిలవాలి. గుంట గానీ ర్యాంపు గానీ ఉన్నచోట చూపించడం మేలు. ఒక్క జాకీ మీద ఎత్తి కిందకి దూరడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. పైగా బండి ఒరిగితే మట్టం కూడా తప్పు చూపిస్తుంది. ఇంజిన్ ఆపి కాసేపు ఆగితే చిమ్మిన నూనె కిందకి దిగుతుంది. గేర్‌బాక్సుకి పక్కన ఒక బోల్టు, అడుగున ఒక బోల్టు ఉంటాయి. పక్కది నింపడానికీ మట్టం చూడడానికీ, అడుగుది తీసెయ్యడానికి. పక్క బోల్టు చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పాలి. నూనె రంధ్రం అడుగు అంచుకి తాకుతూ ఉంటే సరిపోయినట్టు. వేలు వంచినా తడవకపోతే తక్కువైనట్టు. తీసిన నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడాలి. గరుకు తగిలితే లోపల ఏదో అరుగుతోంది. కొన్ని బళ్ళకి గేర్‌బాక్సు డిప్‌స్టిక్ కూడా ఉంటుంది. మనదాని సంగతి కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బానెట్ కింద తెల్లడబ్బాలో కనిపించేది బ్రేకు నూనె, కొన్ని బళ్ళలో క్లచ్చుకీ అదే వెళ్తుంది. గేర్‌బాక్సుకి దానితో సంబంధం లేదు.

నూనె మార్చేటప్పుడు మెకానిక్ ఎప్పుడూ ముందు పక్క బోల్టే విప్పుతాడు. ఎందుకని అడిగాను. తుప్పు పట్టి అది రాకపోతే కొత్త నూనె పోసే దారి ఉండదు. అడుగు బోల్టు ముందే విప్పి ఉన్న నూనె వదిలేస్తే, బండి అక్కడే ఆగిపోతుంది. నింపడం కూడా అంచుదాకానే. ఎక్కువ పోస్తే నూనె నురగెత్తి సీళ్ళ మీద ఒత్తిడి పెట్టి బయటికి తోసుకొస్తుంది.

మరమ్మతు అయ్యాక నూనె నేనే కొని తెచ్చాను. రెండు డబ్బాలు కనిపిస్తే, ఒకదాని మీద జీఎల్-4 అనీ ఇంకోదాని మీద జీఎల్-5 అనీ ఉంటే, పెద్ద అంకె మంచిదనుకుని రెండోది పట్టుకొచ్చాను. మెకానిక్ తిప్పి పంపాడు. జీఎల్-5లో ఒత్తిడి తట్టుకునే మందు ఎక్కువ. వెనక హౌసింగ్ లాంటి చోట్లకి అది మంచిదే. ఇత్తడి రింగులున్న గేర్‌బాక్సులో మాత్రం ఆ మందు ఇత్తడిని తినే అవకాశం ఉంది. పైగా జారుడు ఎక్కువై ఆ రింగులు చక్రాన్ని పట్టుకోలేవు. గేరు మారాలంటే ఆ రింగు దగ్గర కొంచెం ఒరిపిడి ఉండి తీరాలి. మావయ్య లేతు దగ్గర చూసిన సంగతే ఇక్కడా ఉంది. ఒరిపిడిని పూర్తిగా తీసెయ్యడం కాదు, ఉండవలసిన చోట ఉంచడం. ఈ రింగుల ఏర్పాటును 1928లో అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ కార్లలోకి తెచ్చింది. అంతకుముందు గేరు మార్చడమే ఒక విద్యగా ఉండేది. నేను అరగదీసింది ఆ సుఖాన్నిచ్చిన భాగాన్నే.

అంకెల విషయంలో ఇంకో మాట. మనవైపు అందరూ "నైంటీ నంబరు ఆయిల్" అంటారు. డబ్బా మీద 80డబ్ల్యూ-90 అనో 75డబ్ల్యూ-90 అనో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ 40తో పోల్చి ఇది రెండింతలు చిక్కన అనుకోకూడదు. రెండిటికీ కొలత పట్టికలు వేరు. కొన్ని కంపెనీలు తమ మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ఇంజిన్ ఆయిల్ గానీ ఆటోమేటిక్ ద్రవం గానీ వాడమంటాయి. కాబట్టి ఎవరి బండికి ఏది పోయాలో చెప్పవలసింది కారు పుస్తకమే. దుకాణంవాడి మాటా, మన ఊహా దానికి సాటిరావు.

తీరప్రాంతంలో ఉన్నవాళ్ళం కనుక నీటి సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు మన రోడ్లు ఎలా ఉన్నాయో ఎవరూ మర్చిపోలేదు. వేడిగా ఉన్న గేర్‌బాక్సు ఒక్కసారి చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, గాలి ఆడే సన్నటి గొట్టం నుంచీ సీళ్ళ అంచుల నుంచీ నీళ్ళు పీల్చుకుంటుంది. నీళ్ళు కలిసిన నూనె తెల్లగా మారుతుంది, పళ్ళచక్రాల మీద పట్టు నిలవదు. చక్రాల ఇరుసు మునిగేంత నీళ్ళలోంచి బండి తెచ్చినవాళ్ళు, బాగానే నడుస్తోంది కదా అని ఊరుకోకుండా గేర్ ఆయిల్ చూపించాలి.

మా ఊరి బొమ్మల గొప్పతనం నేను ఎంతమంది కొనేవాళ్ళకి చెప్పానో లెక్కలేదు. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి పూసే రంగులో ఏముందని మావాళ్ళు అడిగారు. అడిగి, రసాయన రంగులు పక్కన పెట్టి, పసుపు నుంచీ నీలిమందు నుంచీ జాఫ్రా గింజల నుంచీ రంగులు తీశారు. కంటికి కనిపించని దాని గురించి అడగడం వల్లే ఈ ఊరికి పేరొచ్చింది. ఆ కథ నోరారా చెప్పుకునే నేను, నన్ను మోస్తున్న బండి లోపల ఏముందో అడగలేదు. వాకిట్లో చుక్కను అమ్మ చూపించింది, శబ్దాన్ని మావయ్య చూపించాడు. ఇద్దరికీ నేను చెప్పిన జవాబు ఒక్కటే, చూశానని. చూడవలసిన చోట చూడకుండా చూశానని చెప్పడం అజ్ఞానం కంటే హీనం.

మావయ్య దగ్గరికి వెళ్ళి ఆయన మాట వినకపోవడం నా తప్పేనని చెప్పాను. "ఇప్పుడు శబ్దం బాగుందిరా" అన్నాడు, బండి విన్నాక.

చదివేవాళ్ళకి నా మనవి ఇది. మీ బండికి క్లచ్చు ఉంటే, ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఆయిల్ చూశారా అని ఊరికే అడగవద్దు. గేర్‌బాక్సు పక్క బోల్టు విప్పి చూశారా అని అడగండి. వీలైతే గుంటలోకి దిగి మీ కళ్ళతో చూడండి. బండి కింద మరక కనిపిస్తే ఇంజిన్ డిప్‌స్టిక్ చూసి సరిపెట్టుకోకండి. అది ఎక్కడినుంచి పడిందో తేలేదాకా వదలకండి. కొత్త శబ్దం వినిపిస్తోందని ఇంట్లో ఎవరు చెప్పినా, వాళ్ళకి బండి నడపడం రాకపోయినా సరే, ఆ మాట మీద బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. సీలు మార్చడానికి ఒక పూట చాలు. గేర్‌బాక్సు పోతే మళ్ళీ పెట్టించడానికి ఇంటి ఖర్చుల్లోంచే తీయాలి.